తేనెటీగ ఎవరి కోసం ప్రాణమిస్తుంది?

"జాతి మనుగడ కోసం" అన్న మాట జంతువుల మీద తీసిన డాక్యుమెంటరీల్లో ఇప్పటికీ వినపడుతూనే ఉంటుంది. తేనెటీగ కుట్టి చచ్చిపోతే జాతి కోసమంటారు. ఉడుత గట్టిగా అరిచి గద్ద కంటపడితే గుంపు కోసమంటారు. పక్షి నాలుగు గుడ్లు పెట్టగలిగీ రెండే పెడితే, అందరికీ తిండి సరిపోవాలని సర్దుకుందంటారు. వినడానికి బాగుంటుంది, మనసుకి హాయిగానూ ఉంటుంది. కానీ అలాంటి త్యాగం తరతరాలుగా ఎలా నిలబడింది అని ఒక్క ప్రశ్న వేస్తే ఈ మాటల దగ్గర జవాబు దొరకదు.

జవాబు వెతికినవాళ్లు రెండు వర్గాలుగా చీలిపోయారు. సాయం అందుకునేవాళ్లు సాధారణంగా రక్తసంబంధీకులు, వాళ్లలోనూ అదే జన్యువు ఉండే అవకాశం ఎక్కువ, అందుకే త్యాగం నిలబడిందని ఒక వర్గం అంటుంది. దీని పేరు బంధు వరణం; వరణం అంటే ప్రకృతి చేసే ఎంపిక. ఒకరికొకరు సాయపడే గుంపులు, కొట్టుకు చచ్చే గుంపుల్ని వెనక్కి నెట్టి ముందుకొచ్చాయని రెండో వర్గం అంటుంది. అది సమూహ వరణం. దశాబ్దాలుగా నడుస్తున్న ఈ గొడవలో నేను ఎక్కడ నిలబడతానో ముందే చెప్పేస్తాను. లెక్క దగ్గర రెండూ ఒకటే. అయితే "రెండూ ఒకటే కదా, ఇక వదిలేయండి" అనే రాజీ నాకు నచ్చదు. పని దగ్గరికొచ్చేసరికి రెండూ ఒకటి కావు.

అసలు చిక్కుని మొదట గట్టిగా పట్టుకున్నది డార్విన్. చీమల పుట్టలో పిల్లల్ని కనని కూలి చీమలు లక్షణంగా తమ పనికి తగ్గ ఒంటితో పుడుతున్నాయి. పిల్లలే లేని జీవి లక్షణాలు తర్వాతి తరానికి ఎలా అందుతాయి? ఇది మొదట్లో తన సిద్ధాంతం మొత్తానికే ప్రాణాంతకంగా కనిపించిందని 1859లో ఆయనే రాసుకున్నాడు. వరణం ఒక్క జీవి మీదే కాక కుటుంబం మీద కూడా పనిచేస్తుందని సమాధానం చెప్పుకున్నాడు. 1871లో మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒకరికోసం ఒకరు నిలబడే మనుషులు ఎక్కువున్న తెగ మిగతా తెగల మీద గెలుస్తుందన్నాడు. అంటే ఈ రెండు వర్గాలకీ విత్తనం వేసింది ఒకే మనిషి. జన్యువు అంటే ఏమిటో తెలియని కాలంలో అంతదూరం చూశాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ తర్వాత చాలాకాలం "జాతి మేలు" అన్న వివరణని ఎవరూ నిలదీయలేదు. 1962లో బ్రిటిష్ జంతు శాస్త్రజ్ఞుడు విన్-ఎడ్వర్డ్స్ దాన్ని ఒక పూర్తి సిద్ధాంతంగా రాశాడు. పక్షులు తమ సంఖ్యని తామే అంచనా వేసుకుని, తిండి అయిపోకుండా పిల్లల్ని తగ్గించుకుంటాయన్నాడు. సాయంత్రం పూట స్టార్లింగ్ పిట్టలు గుంపులుగా ఆకాశంలో తిరగడం కూడా ఆయన దృష్టిలో ఒక తలల లెక్కింపే. నిజానికి ఈ పుస్తకం మేలే చేసింది. అందరూ మాటవరసకి అనేసే దాన్ని ఆయన విప్పి రాశాడు కాబట్టి దాన్ని పరీక్షించడం కుదిరింది. పక్షి శాస్త్రజ్ఞుడు డేవిడ్ లాక్ అడిగింది సూటి ప్రశ్న: పక్షి తక్కువ గుడ్లు పెట్టేది త్యాగం కోసమా, అంతకుమించి సాకలేకా? ఆక్స్‌ఫర్డ్ మ్యూజియం గోపురంలో గూళ్లు పెట్టుకునే స్విఫ్ట్ పిట్టల మీద ప్రయోగం చేశారు. గూట్లోకి అదనంగా పిల్లల్ని చేర్చి నాలుగు చేస్తే, మూడు పిల్లలున్న గూటికంటే తక్కువ పిల్లలు బతికి ఎగిరాయి. అంటే తల్లి తన వంతుకి వీలైనన్ని పిల్లల్నే కంటోంది, ఎవరికోసమూ తగ్గించుకోవడం లేదు.

1966లో అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు జార్జ్ విలియమ్స్ మిగతా దెబ్బ వేశాడు. గుంపంతా సర్దుకుంటున్నప్పుడు సర్దుకోని ఒక్క జీవి పుడితే చాలు. దానికి పిల్లలు ఎక్కువ, ఆ పిల్లలూ సర్దుకోరు. గుంపు చచ్చి ఇంకో గుంపు పుట్టేలోపు జీవుల తరాలు ఎన్నో గడిచిపోతాయి కాబట్టి, లోపలి మోసమే సాధారణంగా గెలుస్తుంది. ఈ వాదనకి నాకు తెలిసి ఇప్పటికీ జవాబు లేదు. సమూహ వరణాన్ని సమర్థించేవాళ్లలో బుద్ధిగా ఆలోచించేవాళ్లంతా దీన్ని ఒప్పుకునే మాట్లాడతారు.

ఆ సమయానికే విలియమ్ హామిల్టన్ అనే కుర్రవాడు లండన్‌లో ఒంటరిగా ఇంకో దారి తొక్కుతున్నాడు. గదిలో ఒక్కడే కూర్చోలేక వాటర్లూ రైల్వే స్టేషన్ బెంచీల మీద కూర్చుని లెక్కలు రాసుకునేవాడు. ఆ లెక్కలు 1964లో రెండు భాగాల వ్యాసంగా వచ్చాయి. అందులో సారం ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: సాయం వల్ల అవతలివాడికి కలిగిన మేలుని ఇద్దరి మధ్య ఉన్న బంధుత్వంతో గుణిస్తే, సాయం చేసినవాడికైన ఖర్చు కంటే ఎక్కువ వస్తే ఆ సాయం నిలబడుతుంది. ఇదే హామిల్టన్ నియమం. అన్నదమ్ములకి బంధుత్వం సగం, అత్త మామల పిల్లలకి ఎనిమిదో వంతు. అదే ఏడాది జాన్ మేనార్డ్ స్మిత్ దీనికి బంధు వరణం అని పేరు పెట్టాడు. జన్యువు వైపు నుంచి చూస్తే తేనెటీగ చావు త్యాగం కాదు, ఇంకో ఒంట్లో ఉన్న తన నకలుని కాపాడుకోవడం.

అక్కడితో కథ ముగిసిందనుకున్నారు. ముగియనివ్వనిది జార్జ్ ప్రైస్. అమెరికాలో కెమిస్ట్రీ చదివి, ఎన్నో ఉద్యోగాలు చేసి, 1967లో లండన్ చేరిన ఈయనకి జీవశాస్త్రంలో చదువు లేదు. హామిల్టన్ వ్యాసం చదివి, ఇది నిజమేనా అని తనకి తానుగా మొదటినుంచి లెక్క కట్టి, 1970లో ఒక సమీకరణం ప్రచురించాడు. ఏ లక్షణమైనా తరం మారేటప్పుడు ఎంత పెరిగిందో తరిగిందో అది చెబుతుంది. దాన్ని గుంపుల మధ్య భాగంగా, గుంపు లోపలి భాగంగా విడదీయొచ్చు. హామిల్టన్ ఆ సమీకరణాన్ని పట్టుకుని 1975లో తన సిద్ధాంతాన్నే మళ్లీ రాశాడు. పరోపకారులు ఒకచోట చేరడానికి బంధుత్వం ఒక దారి మాత్రమే, వేరే దారుల్లో చేరినా లెక్క పనిచేస్తుందని అందులో స్పష్టంగా చెప్పాడు. బంధు వరణాన్ని పుట్టించిన మనిషే ఈ మాటన్నాడని రెండు వర్గాల్లోనూ చాలామంది మర్చిపోతారు. ప్రైస్ ఆ వ్యాసం చూడలేదు. ఉన్నదంతా నిరుపేదలకి పంచిపెట్టేసి, 1975 జనవరిలో లండన్‌లో ప్రాణం తీసుకున్నాడు. పరోపకారం మీద అంత లోతుగా ఆలోచించిన మనిషి జీవితం అలా ముగియడం తలుచుకుంటే బాధేస్తుంది.

లెక్క దగ్గర రెండూ ఒకటే అన్నాను కదా, దాన్ని చిన్న అంకెలతో చూపిస్తాను. ఓపిగ్గా చదవమని మనవి, ఎందుకంటే గొడవలో సగం ఇక్కడే కరిగిపోతుంది.

రెండు గుంపులు, ఒక్కోదాంట్లో 10 జీవులు. మొదటి గుంపులో 8 పరోపకారులు, 2 స్వార్థపరులు. రెండో గుంపులో 2 పరోపకారులు, 8 స్వార్థపరులు. మొత్తం 20లో పరోపకారులు సరిగ్గా సగం. సాయమేమీ లేకపోతే ఒక్కో జీవికి 10 పిల్లలు. పరోపకారి తనకి పుట్టాల్సిన 1 పిల్లని వదులుకుని, తన గుంపులోని మిగతా 9 జీవులకీ తలా ఒక పిల్ల అదనంగా దక్కేలా చేస్తుంది.

మొదటి గుంపులో పరోపకారికి మిగతా ఏడుగురు పరోపకారుల సాయం అందుతుంది. 10 లోంచి 1 పోయి 7 కలిస్తే 16 పిల్లలు. స్వార్థపరుడికి ఖర్చు లేదు, 8 సాయాలు అందాయి, 18 పిల్లలు. రెండో గుంపులో పరోపకారికి 10, స్వార్థపరుడికి 12. రెండుచోట్లా స్వార్థపరుడే పైచేయి. మొదటి గుంపులో పరోపకారుల పాలు 80 నుంచి 78 శాతానికి, రెండోదాంట్లో 20 నుంచి 17 శాతానికి పడిపోయింది. విలియమ్స్ చెప్పిన లోపలి మోసం ఇదే. ఇప్పుడు రెండు గుంపుల పిల్లల్నీ కలపండి. పరోపకారుల పిల్లలు 148, స్వార్థపరుల పిల్లలు 132. ప్రతి గుంపులోనూ తగ్గినవాళ్లు మొత్తం మీద 50 నుంచి దాదాపు 53 శాతానికి పెరిగారు. మొదటి గుంపు మొత్తం 164 పిల్లల్ని కంటే రెండోది 116 దగ్గర ఆగిపోయింది కాబట్టి. సమూహ వరణం వాళ్లు ఇలా చెబుతారు.

అదే బొమ్మని గుంపుల ఊసెత్తకుండా చూద్దాం. పదిమంది పరోపకారులకి కలిపి అందిన సాయాలు 58, అంటే తలకి 5.8. పదిమంది స్వార్థపరులకి అందినవి 32, తలకి 3.2. తేడా 2.6. పరోపకారానికైన ఖర్చు 1. నికర లాభం 1.6. పైన వచ్చిన పిల్లల సగటులు 14.8, 13.2. వాటి తేడా కూడా 1.6. ఆ 2.6ని ఒక్కో పరోపకారి చేసే మొత్తం మేలు 9తో భాగిస్తే వచ్చే 0.29 హామిల్టన్ నియమంలో బంధుత్వం స్థానంలో కూర్చుంటుంది. ఈ ఉదాహరణలో ఎవరూ ఎవరికీ అన్నదమ్ములు కారన్నది గమనించండి. పరోపకారి చుట్టూ సగటుకంటే ఎక్కువమంది పరోపకారులున్నారు, లెక్కకి కావలసింది అంతే.

ఇక్కడ ఒక మెలిక ఉంది, నాకు అసలు ఆసక్తి అక్కడే. ఈ రెండు గుంపులూ ఎవరినీ కలవకుండా అలాగే ఉండిపోతే, తరం తరానికీ ఒక్కో గుంపులో పరోపకారుల పాలు తరిగి చివరికి ఏమీ మిగలదు. గుంపులు విడిపోయి పిల్లలందరూ కలగలిసి మళ్లీ కొత్త గుంపులు కట్టాలి. అలాగని గుడ్డిగా పంచేస్తే పరోపకారుల చుట్టూ పరోపకారులు ఎక్కువగా ఉండే వీలు పోతుంది, 2.6 కాస్తా సున్నా అవుతుంది. ప్రతి తరంలోనూ ఒకేలాంటివాళ్లని ఒకచోట చేర్చే ఏర్పాటు ఏదో ఒకటి ఉండి తీరాలి. ప్రకృతిలో అలాంటి ఏర్పాటు, ఎవరూ ఎవరినీ గుర్తుపట్టనక్కర్లేకుండా దానంతట అది జరిగిపోయేది, ఒకటుంది: ఒక తల్లి పిల్లలు ఒకే గూట్లో పెరగడం. బంధు వరణం వైపు నేను మొగ్గేది అందుకే.

మాటకి మాట కాదు, ఈ చూపు పని చేసి చూపించింది. తేనెపట్టులో కూలి ఈగలు మగవాటితో జతకట్టవు. అయినా గుడ్లు పెట్టగలవు, ఫలదీకరణ లేని ఆ గుడ్లలోంచి మగ ఈగలు పుడతాయి. కూలి ఈగకి తన కొడుకుతో బంధుత్వం సగం. రాణి కొడుకు, అంటే తన తమ్ముడితో పావు వంతు. ఒకే తండ్రి బిడ్డ అయిన అక్క పెట్టిన గుడ్డులోంచి వచ్చే మేనల్లుడితో ఎనిమిదింట మూడు వంతులు, వేరే తండ్రి బిడ్డ అయిన అక్క కొడుకుతో ఎనిమిదో వంతే. తేనెటీగ రాణి పది ఇరవై మగ ఈగలతో జతకడుతుంది కాబట్టి పట్టులో చాలామంది అక్కచెల్లెళ్లు వేరే తండ్రుల బిడ్డలే. అంటే సగటు మేనల్లుడి కంటే తమ్ముడే దగ్గరివాడు. అలాంటప్పుడు కూలి ఈగలు ఒకదాని గుడ్లు ఇంకొకటి నాశనం చెయ్యాలి, రాణి గుడ్ల జోలికి పోకూడదు. ఫ్రాన్సిస్ రాట్‌నీక్స్ ఈ లెక్క వేసి, 1989లో విషర్‌తో కలిసి పట్టులో రెండు రకాల గుడ్లూ పెట్టి చూశాడు. కూలి ఈగల గుడ్లు ఒక్క రోజులో దాదాపు అన్నీ మాయమయ్యాయి, అక్కచెల్లెళ్లు తినేశాయి. రాణి గుడ్లు వాటికంటే ఎన్నో రెట్లు మిగిలాయి. మామూలు పట్టులో పెరిగే మగ ఈగల్లో కూలి ఈగల కొడుకు వెయ్యికి ఒకటి ఉంటే గొప్ప.

లోపలి కుమ్ములాట తగ్గితే పట్టుకి మంచిదే కదా, ఇదీ సమూహ వరణమే అని ఎవరైనా అనొచ్చు. అనొచ్చు, తప్పేమీ లేదు. కానీ పట్టుకి మంచిది అన్న కారణం అన్ని జాతులకీ ఒకేలా వర్తిస్తుంది. రాణి ఒక్క మగాడితోనే జతకట్టే జాతుల్లో ఈ నిఘా సడలాలి, కూలీల కొడుకులు ఎక్కువ పుట్టాలి అని ముందే చెప్పింది బంధుత్వపు లెక్క. జాతుల్ని పక్కపక్కన పెట్టి పోలిస్తే మొత్తమ్మీద అలాగే తేలింది. 2008లో విలియమ్ హ్యూస్ బృందం ఇంకో పని చేసింది. చీమలు, తేనెటీగలు, కందిరీగల్లో కూలీల వ్యవస్థ పుట్టిన ప్రతి వంశంలోనూ పూర్వకాలపు ఆడది ఒకే మగదానితో జతకట్టేదని వంశవృక్షాల మీద చూపించింది. ఒకే తండ్రి, ఒకే తల్లి. తోబుట్టువుతో బంధుత్వం సొంత బిడ్డతో ఉన్నంత ఉన్నప్పుడే ఈ వ్యవస్థలు మొదలయ్యాయి. సమూహ వరణం దారిలో వెళితే ఈ ప్రశ్న అడగాలనే తట్టదు.

అయితే బంధు వరణం వాళ్లు అతిగా నమ్మిన సంగతులు లేకపోలేదు. చీమల్లోనూ తేనెటీగల్లో లాగే ఫలదీకరణ లేని గుడ్లలోంచి మగవి పుడతాయి కాబట్టి అక్కచెల్లెళ్ల బంధుత్వం ముప్పావు వంతు, అందుకే అవి సంఘజీవులయ్యాయని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. తమ్ముళ్లతో పావు వంతే కాబట్టి సగటు మళ్లీ సగానికే వస్తుంది. చెదలకీ, భూమిలో బొరియల్లో బతికే నేకెడ్ మోల్ ర్యాట్‌లకీ ఆ ప్రత్యేక జన్యు ఏర్పాటే లేదు, అయినా వాటికీ రాణులున్నాయి. ఆ కథ పాఠాల్లోంచి ఇప్పటికైనా తీసెయ్యాలి. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాలుగా చూస్తున్న రోపాలిడియా మార్జినేటా కందిరీగల గూళ్లలోనైతే రాణులు మారిపోతుంటాయి, ఆడవాటి మధ్య బంధుత్వం తక్కువ. అక్కడ కూలీగా ఉండటానికి బంధుత్వంతో పాటు, ఖర్చు మేలుల వైపు కూడా గట్టి కారణం ఉండాలని ఆయన వాదించారు. ఒంటరిగా పిల్లల్ని సాకుతూ మధ్యలో చనిపోతే పడ్డ శ్రమంతా వృథా, గూట్లో ఉంటే తాను పోయినా పని ఇంకొకరు పూర్తిచేస్తారు. హామిల్టన్ నియమంలో మూడు సంఖ్యలుంటే అందరూ బంధుత్వం ఒక్కదాన్నే కొలుస్తారని నాకూ అనిపిస్తుంది.

ఇక సమూహ వరణం తన సత్తా చూపించిన చోటు కోళ్ల ఫారం. పర్‌డ్యూ యూనివర్సిటీలో విలియమ్ మ్యూర్ లేయర్ కోళ్లని పంజరానికి కొన్ని చొప్పున ఉంచి, ముక్కులు కత్తిరించకుండా వదిలాడు. అలా వదిలితే ఒకదాన్నొకటి పొడుచుకుని చచ్చిపోతాయి. మామూలు పద్ధతిలో అయితే ఎక్కువ గుడ్లు పెట్టిన కోడిని ఏరుకుని దాని సంతతిని పెంచుతారు. ఆయన విడి కోడిని చూడలేదు. ఏ పంజరం మొత్తమ్మీద బాగుందో దాన్ని ఏరాడు, బాగోలేని పంజరాన్ని మొత్తంగా పక్కన పెట్టాడు. 1996లో ప్రచురించిన ఫలితాల ప్రకారం ఏడాదిలో చనిపోయే కోళ్లు రెండో తరంలో 68 శాతం ఉంటే నాలుగో తరానికి 8.8 శాతానికి వచ్చాయి. కోడికి 91గా ఉన్న గుడ్ల లెక్క 237కి పెరిగింది. రెండు తరాల్లో ఇంత మార్పు!

ఇది సమూహ వరణమేనని ఒకరంటారు. ఒక్కో పంజరంలో ఉన్నవి ఒకే తండ్రి సంతతి, అంటే అక్కచెల్లెళ్లు, కాబట్టి ఇది బంధు వరణమేనని ఇంకొకరంటారు. ఇద్దరిదీ నిజమే. కానీ నన్నడిగితే ఇక్కడ గుంపు భాషే సూటిగా ఉంటుంది. ఏరినది పంజరాన్ని, తీసేసింది పంజరాన్ని. గుడ్లు ఎక్కువ పెట్టిన కోడి తన సామర్థ్యంతో పెట్టిందా, పక్కవాటిని తొక్కేసి పెట్టిందా అన్నది ఆ కోడిని ఒంటరిగా చూస్తే ఎప్పటికీ తెలియదు. గుంపులు నిజంగా పుట్టి, నిజంగా గిట్టే చోట గుంపుల లెక్కే కట్టాలి. గుంపు అన్నది మనం కాగితం మీద గీసుకున్న గీత అయితే వద్దు. నా కొలబద్ద ఇదే.

2010లో ఈ చర్చ ఎటో వెళ్లిపోయింది. మార్టిన్ నోవాక్, కోరినా టార్నిటా, ఈ.ఓ. విల్సన్ కలిసి 'నేచర్' పత్రికలో హామిల్టన్ సిద్ధాంతం అక్కర్లేదనీ, దానివల్ల ఒరిగింది తక్కువనీ రాశారు. ఒకప్పుడు హామిల్టన్ పేరుని లోకానికి చాటినవాళ్లలో విల్సన్ ఒకడు. 2011లో 137 మంది శాస్త్రవేత్తలు సంతకాలు పెట్టి జవాబిచ్చారు. ఆ ముగ్గురు చెప్పినదాంట్లో ఒక మాటకి బలముంది. హామిల్టన్ నియమాన్ని ఎక్కడైనా వర్తించేలా సాగదీస్తే, మేలు, ఖర్చు అనే సంఖ్యలు జరిగిపోయినదాన్ని వర్ణిస్తాయి తప్ప జరగబోయేది చెప్పవు. ఈ విమర్శకి ఇవ్వాల్సినంత విలువ ఇవ్వలేదు. కానీ దానివల్ల ఒరిగింది తక్కువ అనడం అన్యాయం. కూలి ఈగలు తినేసిన గుడ్లు కళ్లముందే ఉన్నాయి. అలాగే ఎంతమంది సంతకం పెట్టారన్నది ఒక వాదన కాదు. ఆ 137 మందిలో ఒక్కరు ఒక పేజీలో పైన చేసిన లాంటి లెక్క చూపించి ఉంటే చదివేవాళ్లకి ఎక్కువ ఉపయోగపడేది.

మనుషుల సంగతి వచ్చేసరికి అందరికీ ఆవేశం ఎక్కువవుతుంది, నాకు కూడా. సమూహ వరణం మంచితనానికి చోటిస్తుందనీ, బంధు వరణం మనల్ని స్వార్థపరుల్ని చేస్తుందనీ అనుకోవడం సరికాదు. ఒక గుంపు గెలవాలంటే ఇంకో గుంపు ఓడాలి. శామ్యూల్ బౌల్స్ 2009లో వేసిన లెక్కలో మనుషుల్లో త్యాగబుద్ధిని పెంచింది తెగల మధ్య యుద్ధం. సొంతవాడి కోసం చావడం, బయటివాడిని చంపడం అలాంటి లెక్కల్లో కలిసే పెరుగుతాయి. ఇందులో ఊరట పొందాల్సింది ఏముందో నాకు తెలియదు.

మనుషుల విషయంలో బంధుత్వం ఒక్కటే చాలదన్నది మాత్రం ఒప్పుకోక తప్పదు. వేట, సేకరణ మీద బతికే 32 సమాజాలని కిమ్ హిల్ బృందం 2011లో పరిశీలిస్తే, ఒక మకాంలో కలిసి బతికేవాళ్లలో ఎక్కువమంది ఒకరికొకరు రక్తసంబంధీకులు కారు. పెళ్లిళ్ల వల్ల, రాకపోకల వల్ల జన్యువులు ఎప్పటికప్పుడు గుంపుల మధ్య కలిసిపోతుంటాయి, కాబట్టి జన్యువుల మీద ఆధారపడే సమూహ వరణానికీ అక్కడ పట్టు తక్కువే. కట్టుబాట్లు అలా కలిసిపోవు. కొత్తగా వచ్చినవాళ్లు అక్కడి పద్ధతి నేర్చుకుంటారు, తప్పినవాళ్లకి శిక్ష పడుతుంది, గుంపుకీ గుంపుకీ తేడా అలాగే నిలిచిపోతుంది. 2009లో బెల్, రిచర్సన్, మెకెల్‌రెత్ పొరుగు దేశాల మధ్య తేడాలు కొలిస్తే, జన్యువుల్లో ఉన్నదానికంటే సంస్కృతిలో ఉన్న తేడా పది రెట్ల పైనే తేలింది. మనుషుల్లో సమూహ వరణం కోసం వెతికేవాళ్లు డీఎన్‌ఏ దగ్గర కాకుండా అక్కడ వెతకాలని నా అభిప్రాయం. అక్కడ కూడా అడగాల్సింది పై అంకెల్లో అడిగిన ప్రశ్నే: సాయం చేసేవాడి చుట్టూ సాయం చేసేవాళ్లు సగటుకంటే ఎంత ఎక్కువమంది ఉన్నారు, వాళ్లని అక్కడికి చేర్చింది ఏమిటి?